అగ్నిశాస్త్రంలో పీహెచ్‌డీ: అవకాశాలు ఎందుకు కనిపించవు, అసలు ఎక్కడ ఉంటాయి

ఫైర్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేద్దామని వెతకడం మొదలుపెడితే ముందు ఎదురయ్యేది అయోమయమే. 'ఫైర్' అని పేరున్న యూనివర్సిటీ విభాగాలు ప్రపంచం మొత్తం మీద చాలా తక్కువ. కానీ పరిశోధనా పత్రికలు తిరగేస్తే మంటల మీద పనిచేస్తున్నవాళ్లు సివిల్‌లో, మెకానికల్‌లో, కెమిస్ట్రీలో, అటవీ విభాగాల్లో, చివరికి సైకాలజీలో కూడా తగులుతుంటారు. దీనికితోడు సేఫ్టీ ఆఫీసర్ ఉద్యోగాల కోసం చేసే ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమాలు కూడా దాదాపు ఇదే పేరుతో ఉండటంతో, ఏది పరిశోధనో ఏది ఉద్యోగ శిక్షణో విడదీయడమే ఒక పని అయిపోతుంది.

లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అనే నివాస భవనంలో జరిగిన అగ్నిప్రమాదం, లిథియం బ్యాటరీల మంటలు, ఏటేటా వార్తల్లోకొచ్చే కార్చిచ్చులు, వీటన్నిటి వల్లా ఈ రంగం మీద ఆసక్తి పెరిగింది, ఆసక్తితో పాటు గందరగోళం కూడా. నాకు అర్థమైనంతలో చిక్కుముడి ఒక్కచోటే ఉంది. ఇక్కడ పీహెచ్‌డీలు ప్రశ్నల చుట్టూ పుడతాయి, విభాగం పేరు ఆ తర్వాత వస్తుంది. కాబట్టి అవకాశాల గురించి మాట్లాడాలంటే ముందు ఆ ప్రశ్నలేంటో చూడాలి.

సైన్స్ ఎక్కడ ఆగుతుంది, సేఫ్టీ ఎక్కడ మొదలవుతుంది

మంట ఎలా అంటుకుంటుంది, ఎంత వేగంగా పాకుతుంది, ఎంత వేడి, ఎంత పొగ ఇస్తుంది, ఎప్పుడు ఆరిపోతుంది అనేవి ఫైర్ సైన్స్ ప్రశ్నలు. ఆ మంట లేచిన భవనంలోంచి జనం బయటపడేంత టైం ఉంటుందా, దూలాలు నిలబడతాయా, అగ్నిమాపక సిబ్బంది లోపలికి వెళ్లొచ్చా అనేవి ఫైర్ సేఫ్టీ ఇంజనీరింగ్ ప్రశ్నలు. రెండింటి మధ్యా గట్టి గోడేమీ లేదు.

రెండు వైపులా అందరూ వాడే అంకె ఒకటుంది: మంట సెకనుకు విడుదల చేసే వేడి. దీన్ని కిలోవాట్లలో చెబుతారు. మంట మొదటి నిమిషాల్లో ఎలా పెరుగుతుందో అంచనా వేయడానికి ఇంజనీర్లు వాడే సూత్రం చాలా సింపుల్: గడిచిన సెకన్లను వర్గం చేసి, ఒక గుణకంతో గుణించడం. 'వేగంగా పెరిగే మంట' అని పిలిచే రకానికి ఆ గుణకం సుమారు 0.047. అంటే 1 నిమిషం దగ్గర సుమారు 170 కిలోవాట్లు, 2 నిమిషాల దగ్గర సుమారు 680, 4 నిమిషాలకు 2,700 దాటిపోతుంది. టైం రెట్టింపైన ప్రతిసారీ మంట నాలుగింతలవుతుంది. 'మధ్యరకం' మంటకు గుణకం సుమారు 0.012, అది 2 నిమిషాలకు చేరే చోటికి వేగమైన మంట 1 నిమిషంలోనే చేరిపోతుంది.

ఈ అంకెను కొలవడం ఎలా? మండుతున్న సోఫాను తూకం వేస్తే సరిపోదు, ఎందుకంటే అందులో నురుగు, గుడ్డ, చెక్క ఒక్కోటి ఒక్కోలా కాలతాయి. 1980లో క్లేటన్ హగెట్ అనే శాస్త్రవేత్త చూపించిందేంటంటే, మనం మామూలుగా కాల్చే పదార్థాల్లో దాదాపు దేన్ని కాల్చినా ఖర్చయ్యే ఆక్సిజన్ కిలోకి సుమారు 13.1 మెగాజౌళ్ల వేడి వస్తుంది. కాబట్టి పొగగొట్టంలో ఆక్సిజన్ ఎంత తగ్గిందో చూస్తే చాలు: సెకనుకు 0.1 కిలో ఖర్చయితే మంట సుమారు 1.3 మెగావాట్లు. కోన్ క్యాలరీమీటర్ అనే బల్ల మీది పరికరం నుంచి ఇళ్లంత గదుల్ని కాల్చే ల్యాబుల దాకా ఇప్పటికీ నడిచేది ఈ లెక్కతోనే.

ఇక సేఫ్టీ వైపు లెక్క. ఒక హాల్లో పొగ తల ఎత్తు దాకా దిగి, ఊపిరాడని పరిస్థితి రావడానికి 300 సెకన్లు పడుతుందనుకుందాం. అలారం మోగడానికి 60 సెకన్లు, జనం అది నిజం అలారమే అని నమ్మి లేచి కదలడానికి 120, తలుపుదాకా నడిచి బయటపడటానికి 90. మొత్తం 270. ముప్పై సెకన్లు మిగిలాయి, కాగితం మీద డిజైన్ పాసైపోయింది. కానీ ఆ 120 అనేది ఎక్కడి నుంచి వచ్చింది? హాస్పిటల్లో, నిద్రపోతున్న హాస్టల్లో, సినిమా హాల్లో అది ఒకటే ఎలా అవుతుంది? వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లుంటే ఆ 90 ఎంతవుతుంది? 300 లెక్కగట్టిన పొగ మోడల్లో కిటికీ పగిలిందనుకున్నారా, లేదా? ఈ చిన్న కూడికలో ప్రతి అంకె కిందా మనుషులు ఏళ్లకేళ్లు పనిచేస్తున్నారు, ఇంకా చాలా పని మిగిలే ఉంది.

60 నిమిషాల రేటింగ్ అంటే 60 నిమిషాలేనా

ఫైర్ డోర్ మీద, గోడ మీద, స్టీల్ దూలం పూత మీద '60 నిమిషాలు' అని రాసుంటుంది. చాలామంది దీన్ని నిజమైన అగ్నిప్రమాదంలో గంటసేపు ఆగుతుందని అనుకుంటారు. నిజానికి దాని అర్థం ఒక ప్రామాణిక కొలిమిలో గంట నిలబడిందని మాత్రమే. ఐఎస్ఓ 834 అనే ప్రమాణం ప్రకారం ఆ కొలిమి వేడి 30 నిమిషాలకు సుమారు 842 డిగ్రీల సెల్సియస్, 60 నిమిషాలకు 945, 120 నిమిషాలకు 1,049కి చేరాలి. గమనించారా, అది పెరుగుతూనే పోతుంది, ఎప్పటికీ తగ్గదు. నిజమైన మంటకు ఇంధనం అయిపోతుంది, గాలి చాలక మందగిస్తుంది, ఒక మూల నుంచి ఇంకో మూలకు జరుగుతుంది. ఈ తరహా వక్రరేఖకు మూలాలు 20వ శతాబ్దం తొలినాళ్ల పరీక్షల్లో ఉన్నాయి. దాన్ని సమర్థించేవాళ్ల వాదన కూడా తీసిపారేయదగింది కాదు: రెండు తలుపుల్ని పోల్చాలంటే రెంటికీ ఒకే పరీక్ష పెట్టాలి కదా. విమర్శించేవాళ్లు అనేదేమిటంటే, పోలిక కోసం పెట్టిన పరీక్షను భవనం జాతకంలా చదువుతున్నారని.

ఈ గొడవ ఎంత దూరం పోయిందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 1990లో లండన్‌లోని బ్రాడ్‌గేట్‌లో నిర్మాణంలో ఉన్న 14 అంతస్తుల భవనంలో మంటలు లేచాయి. స్టీల్ ఫ్రేమ్‌లో చాలా భాగానికి ఇంకా అగ్నిరక్షణ పూత పడలేదు. విడిగా కొలిమిలో పెట్టి చూసిన లెక్కల ప్రకారం పెద్ద నష్టమే జరగాలి, కానీ భవనం కూలలేదు. ఎందుకు కూలలేదో తెలుసుకోవడానికి 1990ల మధ్యలో కార్డింగ్‌టన్‌లో ఒక పాత ఎయిర్‌షిప్ షెడ్డులో 8 అంతస్తుల స్టీల్ భవనం కట్టి మరీ కాల్చారు. దూలాలు బాగా వంగిపోయాక కూడా పైనున్న కాంక్రీట్ స్లాబ్ ఊయలలా సాగి భారాన్ని పక్కలకు పంచుతోందని తేలింది. ఒక్కో దూలాన్ని విడిగా కాల్చితే ఇది ఎప్పటికీ కనిపించేది కాదు. 'స్ట్రక్చరల్ ఫైర్ ఇంజనీరింగ్' అనే శాఖ ఇప్పటి రూపు దిద్దుకోవడంలో ఆ పరీక్షల పాత్ర పెద్దది.

ఇప్పుడు అదే తరహా ప్రశ్న చెక్క భవనాల దగ్గరికొచ్చింది. లావుపాటి చెక్క కాలితే పైన బొగ్గు పొర ఏర్పడి లోపలి చెక్కను కాపాడుతుంది, డిజైన్‌లో వాడే రేటు నిమిషానికి సుమారు 0.65 మిల్లీమీటర్లు. గంటకు 39 మిల్లీమీటర్లు పోతుందన్నమాట, లెక్క తేలికే. కానీ పొరలు పొరలుగా జిగురుతో అతికించిన చెక్క పలకల్లో జిగురు వేడికి పట్టు వదిలితే బొగ్గు పొర రాలిపోతుంది, కింద తాజా చెక్క బయటపడి మళ్లీ మండుతుంది. పైగా ఇక్కడ భవనమే ఇంధనం. గదిలో సామానంతా కాలిపోయాక ఆ గోడలు వాటంతటవే ఆరిపోతాయా, ఏ పరిస్థితుల్లో ఆరవు? చెక్క భవనాల ఎత్తు పెరిగేకొద్దీ ఈ ప్రశ్నకు గిరాకీ పెరుగుతోంది.

ఒక కార్ పార్కింగ్, అయిదు థీసిస్‌లు

2023 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లోని లూటన్ ఎయిర్‌పోర్ట్ పార్కింగ్ భవనంలో మంటలు లేచి 1,400కి పైగా వాహనాలు పోయాయి, భవనంలో కొంత భాగం కూలింది. సోషల్ మీడియా వెంటనే ఎలక్ట్రిక్ కారు మీద నేరం మోపింది. అగ్నిమాపక శాఖ మాత్రం అది డీజిల్ కారులో మొదలైందని చెప్పింది. పార్కింగుల్లో కారు నుంచి కారుకు మంట ఎందుకింత తేలిగ్గా పాకుతోందన్నది ఇప్పుడు ఈ రంగంలో వేడివేడి విషయం. ఇది ఎన్ని విభాగాల్లోకి వెళ్తుందో చూడండి.

కారు సీటు నురుగు, ప్లాస్టిక్ బంపర్ ఎంత వేడికి అంటుకుంటాయన్నది పదార్థశాస్త్రం లేదా కెమిస్ట్రీ. బ్యాటరీలో ఒక సెల్ వేడెక్కి పక్క సెల్‌ను అంటించే గొలుసు ప్రతిచర్య, దాన్నుంచి వచ్చే హైడ్రోజన్ ఫ్లోరైడ్ లాంటి విషవాయువులు, ఇది ఎలక్ట్రోకెమిస్ట్రీ, మెకానికల్. తక్కువ ఎత్తు పైకప్పు కింద వేడి పొగ ఎలా పరుచుకుని వరసలో ఉన్న కార్లను ముందే వేడెక్కిస్తుందన్నది ద్రవగతిశాస్త్రం. స్లాబ్ కాంక్రీట్ వేడికి పెచ్చులుగా పేలిపోవడం సివిల్. అగ్నిమాపక సిబ్బంది ఎక్కడిదాకా వెళ్లొచ్చు, జనం కారు దగ్గరికి వెనక్కి ఎందుకు పరిగెడతారన్నది మానవ ప్రవర్తన. అయిదూ అగ్నిశాస్త్ర పీహెచ్‌డీలే, కానీ నోటిఫికేషన్లు అయిదు వేర్వేరు విభాగాల పేజీల్లో పడతాయి, వాటిలో కొన్నిటి టైటిల్‌లో 'ఫైర్' అనే మాటే ఉండకపోవచ్చు.

కార్చిచ్చులది దాదాపు వేరే ప్రపంచం. అమెరికా అటవీ శాఖ మిజూలా ల్యాబ్‌లో రిచర్డ్ రోథర్మెల్ 1972లో ఇచ్చిన వ్యాప్తి మోడల్, అక్కడ కార్చిచ్చుల అంచనాకు వాడే చాలా సాఫ్ట్‌వేర్లలో ఇప్పటికీ ఉంది. భవనాల మంటలవాళ్లు, అడవి మంటలవాళ్లు చాలాకాలం ఒకరి కాన్ఫరెన్స్‌లకు ఒకరు పెద్దగా వెళ్లలేదు. ఊళ్ల అంచులదాకా అడవి మంటలు రావడం ఎక్కువయ్యాక, ఎగిరొచ్చే నిప్పురవ్వలు ఇంటి చూరు కింద ఎలా దూరతాయన్న ప్రశ్న దగ్గర ఇద్దరూ కలుస్తున్నారు.

ఏ చోటు దేనికి పేరు

ఎడిన్‌బరో యూనివర్సిటీలో 1970ల నుంచీ ఫైర్ సేఫ్టీ ఇంజనీరింగ్ ఉంది, నిర్మాణాలు, మంట గతిశాస్త్రం దాని బలం. స్వీడన్‌లోని లుండ్ అంటే మనుషుల తరలింపు, ప్రవర్తన గుర్తొస్తాయి. బెల్జియంలోని ఘెంట్‌ది పొగ, కంప్యూటర్ మోడలింగ్. ఈ మూడూ కలిసి నడిపే అంతర్జాతీయ మాస్టర్స్ కోర్సు చాలామందికి పీహెచ్‌డీకి మెట్టు అయింది. ఉత్తర ఐర్లండ్‌లో అల్‌స్టర్, లండన్‌లో ఇంపీరియల్ కాలేజీ కూడా ఈ పటంలో ఉంటాయి. అమెరికాలో మేరీలాండ్, వూస్టర్ పాలిటెక్నిక్‌లలో ఫైర్ ప్రొటెక్షన్ ఇంజనీరింగ్ పేరుతోనే విభాగాలున్నాయి. మేరీలాండ్‌కు దగ్గర్లోనే ఉన్న నిస్ట్ అనే ప్రభుత్వ సంస్థలో 20 మెగావాట్ల మంటదాకా కొలవగల ల్యాబ్ ఉంది. న్యూజీలాండ్‌లో కాంటర్‌బరీ, ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్, చైనాలో హెఫెయిలోని యూనివర్సిటీ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీకి చెందిన స్టేట్ కీ లాబొరేటరీ ఆఫ్ ఫైర్ సైన్స్, హాంకాంగ్ పాలిటెక్నిక్ ఇంకొన్ని.

ఈ జాబితా ఇంతటితో అయిపోలేదు, పైగా ఇలాంటి జాబితాలు కొంచెం తప్పుదోవ కూడా పట్టిస్తాయి. ఈ రంగంలో ఒక ప్రొఫెసర్ వేరే దేశానికి మారితే ఆ చోటి బలమే మారిపోతుంది, గుంపులు అంత చిన్నవి.

ప్రకటనలో డబ్బు లెక్క ఎలా ఉంటుంది

'ఫండెడ్ పీహెచ్‌డీ' అన్న మాట దేశాన్ని బట్టి అర్థం మార్చుకుంటుంది. స్వీడన్ లాంటి చోట్ల పీహెచ్‌డీ విద్యార్థి అంటే జీతం తీసుకునే ఉద్యోగి, ట్యూషన్ ఫీజు ఉండదు. పరిశోధన 4 ఏళ్లు, టీచింగ్ లాంటి పనులు కలిస్తే 5 దాకా సాగుతుంది. అమెరికాలో మొదట్లో కోర్సులు, పరీక్షలు ఉంటాయి, డబ్బు రీసెర్చ్ లేదా టీచింగ్ అసిస్టెంట్‌షిప్ నుంచి వస్తుంది, మొత్తం 5 ఏళ్లకు అటూ ఇటూ. బ్రిటన్‌లో 3 నుంచి 4 ఏళ్లు, మొదటిరోజు నుంచే పరిశోధన, స్టైపెండ్ కాలం ఎంతో ముందే తెలిసిపోతుంది. కానీ అక్కడ కొన్ని ఫండింగ్‌లు స్థానిక విద్యార్థి ఫీజును మాత్రమే కడతాయి, విదేశాల నుంచి వచ్చేవాళ్లకు మిగతా తేడా ఎవరు కడతారన్నది ప్రకటనలో ఎక్కడో చిన్న వాక్యంగా ఉంటుంది. అదృష్టవంతులకు ఆ తేడాను యూనివర్సిటీయే మాఫీ చేస్తుంది.

యూరప్‌లో ఇంకో దారి మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్‌లు: అనేక దేశాల సంస్థలు కలిసి ఒకేసారి పది పదిహేను పోస్టులు ప్రకటిస్తాయి. కార్చిచ్చుల మీద నడిచిన పైరోలైఫ్ అలాంటిదే, 15 మంది పీహెచ్‌డీలు, సమన్వయం నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌ది. వీటికి ఒక వింత షరతుంటుంది. గత 36 నెలల్లో 12 నెలలకు మించి ఆ దేశంలోనే ఉన్నవాళ్లు అక్కడి పోస్టుకు అర్హులు కారు. అంటే ఘెంట్‌లో ఏడాదిన్నర చదివి, ఇప్పుడే కోర్సు ముగించిన విద్యార్థికి బెల్జియంలో అలాంటి పోస్టు దొరకదు, పక్కనే ఉన్న నెదర్లాండ్స్‌లో అదే నెట్‌వర్క్ పోస్టుకు మాత్రం అడ్డు ఉండకపోవచ్చు. ఈ తరహా జీతం సాధారణంగా 36 నెలలకు వస్తుంది. ఆ యూనివర్సిటీలో పీహెచ్‌డీ నాలుగేళ్లదైతే చివరి 12 నెలల ఖర్చు ఎవరిదన్నది ఒక్కోచోట ఒక్కోలా తేలుతుంది, టెన్షన్ పడాల్సిన విషయమే.

ఫైర్ విభాగమా, మాతృశాఖా

ఒక వర్గం ఏమంటుందంటే, ఫైర్ పేరున్న విభాగంలో చేస్తే చుట్టూ అదే భాష మాట్లాడేవాళ్లుంటారు, కాల్చడానికి ల్యాబ్, భద్రతా అనుమతులు, అనుభవమున్న టెక్నీషియన్లు సిద్ధంగా ఉంటారు. ఇది చిన్న విషయం కాదు, మామూలు ల్యాబ్‌లో గదంత మంట పెట్టడానికి అనుమతి తెచ్చుకునేసరికే నెలలు పోతాయి. రెండో వర్గం వాదన: సివిల్‌లోనో మెకానికల్‌లోనో చేస్తే పునాది గట్టిగా ఉంటుంది, రేపు ఫైర్‌లో పోస్టులు లేకపోయినా మాతృశాఖలో బతకొచ్చు. నాకైతే ప్రయోగాలు ప్రధానమైన అంశానికి మొదటిది, గణితం ప్రధానమైనదానికి రెండోది నప్పుతుందనిపిస్తుంది, కానీ దీనికి ఎదురు ఉదాహరణలు బోలెడు దొరుకుతాయి.

ప్రయోగమా, మోడలా

నిస్ట్ 2000లో విడుదల చేసిన ఎఫ్‌డీఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. దానితో ల్యాప్‌టాప్ మీదే మంటను లెక్కగట్టొచ్చు, అందుకే పెద్ద ల్యాబ్ లేని చోట్ల కూడా ఫైర్ పీహెచ్‌డీలు సాధ్యమయ్యాయి. అయితే 2006లో గ్లాస్గోలోని డాల్‌మార్నాక్‌లో జరిగింది ఈ వాదనలో ఎప్పుడూ వస్తుంటుంది. కూల్చడానికి సిద్ధంగా ఉన్న 23 అంతస్తుల భవనంలో ఒక ఫ్లాట్‌ను మామూలు ఇంటి సామానుతో నింపి ఎడిన్‌బరో బృందం కాల్చింది. గది కొలతలు, సామాను వివరాలు, ఫోటోలు ముందే కొన్ని మోడలింగ్ బృందాలకిచ్చి, ఫలితం చూపించకుండా, మంట ఎలా సాగుతుందో చెప్పమన్నారు. పది సిమ్యులేషన్లు వచ్చాయి. అవి ప్రయోగంతోనూ సరిపోలేదు, ఒకదానితో ఒకటీ సరిపోలేదు.

మోడలింగ్ వైపువాళ్లు దీనికి చెప్పే జవాబులోనూ పసుంది. మంట ఎంత పెద్దదో తెలిసినప్పుడు పొగ ఎటు పోతుందో ఆ సాఫ్ట్‌వేర్ బాగానే చెబుతుంది, మంట తనంతట తాను ఎలా పెరుగుతుందో చెప్పమనడమే కష్టమైన ప్రశ్న, పైగా ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ చాలా మారింది. ప్రయోగాలవాళ్లు మాత్రం, నిజమైన ప్రమాదంలో మంట సైజు ముందే ఎవరు చెబుతారు అని అడుగుతారు.

పరిశ్రమ డబ్బు

ఇన్సులేషన్, క్లాడింగ్ (భవనం బయటి గోడకు బిగించే పలకలు), చెక్క, బ్యాటరీ కంపెనీలు ఈ పరిశోధనకు డబ్బిస్తాయి. వాళ్లు లేకపోతే ఖరీదైన పెద్ద పరీక్షలు చాలావరకు జరగవు, పదార్థం కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది. 2017లో 72 మంది చనిపోయిన గ్రెన్‌ఫెల్ తర్వాత మాత్రం ఈ సంబంధాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోవడం లేదు. మధ్యలో పాలిథిలీన్ ప్లాస్టిక్ పొర ఉన్న అల్యూమినియం పలకలు ఆ భవనం బయటి గోడ మీద మంటను పైకి పాకించాయి. ఉత్పత్తి పరీక్షల ఫలితాలను కంపెనీలు ఎలా దాచాయో, ఎలా వక్రీకరించాయో విచారణ నివేదిక విడమర్చి చెప్పింది. పీహెచ్‌డీ విద్యార్థి స్థాయిలో ఈ ప్రశ్న చాలా మామూలు రూపంలో వస్తుంది: ప్రతికూల ఫలితం వచ్చినా ప్రచురించే హక్కు ఎవరిదని ఒప్పందంలో రాశారు, ప్రచురణకు ముందు కంపెనీ ఎన్నాళ్లు ఆపొచ్చు. కొన్ని ఒప్పందాల్లో ఇది స్పష్టంగా ఉంటుంది, కొన్నిట్లో ఉండదు.

పట్టా చేతికొచ్చాక

అధ్యాపక పోస్టులు తక్కువ, రంగం చిన్నది కాబట్టి అదేం ఆశ్చర్యం కాదు. ఆశ్చర్యమల్లా కన్సల్టింగ్ వైపు. నిబంధనల పుస్తకంలో లేని డిజైన్లను లెక్కలతో సమర్థించే పని ఎత్తైన భవనాలు, సొరంగాలు, ఎయిర్‌పోర్టులు కట్టే ప్రతిచోటా ఉంటుంది, ఆ సంస్థలు డాక్టరేట్లను తీసుకుంటాయి. పరీక్షా ల్యాబులు, బీమా సంస్థల పరిశోధనా విభాగాలు, ప్రమాదం జరిగాక కారణం వెతికే ఫోరెన్సిక్ పని మిగతావి.

పెద్దగా ఎవరూ చెప్పని ఇంకో దారి ఆరోగ్య పరిశోధన. అగ్నిమాపక వృత్తిలో ఎదురయ్యే పరిస్థితుల్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. యూనిఫాం మీద పేరుకున్న మసి చర్మంలోకి ఎంత వెళ్తుంది, ఉతికితే ఎంత పోతుంది, మాస్క్ తీసేశాక ఇంకా పొగలేస్తున్న శిథిలాల దగ్గర నిలబడితే ఎంత పీలుస్తారు? వీటిమీద పనిచేసేవాళ్లలో విషశాస్త్రం, జౌళి, ప్రజారోగ్యం చదివినవాళ్లున్నారు, వాళ్లలో చాలామంది తమను తాము అగ్నిశాస్త్రవేత్తలని కూడా అనుకోరు.